ఒక మోల్ ఎక్కడికి పోయింది

కెమిస్ట్రీ మేడమ్ కాన్పుకి సెలవు పెట్టి వెళ్ళాక ఆవిడ పాఠాలు డ్రిల్లు మాస్టారి నెత్తిన పడ్డాయి. ఎప్పుడో చదివి, ఎప్పుడో మరిచిపోయిన సైన్సు డిగ్రీ ఒకటి ఆయనకుంది. ఆయన మరిచిపోయినా పెద్ద మేడమ్ మరిచిపోలేదు. "ఈల ఊదే నోటితో నాలుగు ముక్కలు చెప్పలేరా మాస్టారూ? కొత్త టీచరు దొరికేదాకానే," అంది. పెద్ద మేడమ్‌ని కాదనడం ఆ స్కూల్లో ఎవరికీ రాదు.

మొదట్లో బాగానే నడిచింది. ముందురోజు పుస్తకంలో చదివింది మర్నాడు క్లాసులో అప్పజెప్పేవాడు. మోల్ అంటే డజను లాంటి మాటేనని చెప్పిన రోజున తన మీద తనకే ముచ్చటేసింది. డజనంటే పన్నెండు. అవి గుడ్లయినా సరే, గుండీలయినా సరే. మోల్ కూడా అంతే, కాకపోతే బ్రహ్మాండమైన లెక్క. అన్ని అణువులు ఒకచోట చేరితే ఒక మోల్. పిల్లలు తలలూపారు. తలూపిన పిల్లలకి అర్థమైనట్టేనని ఆయన నమ్మకం. గ్రౌండులో అయినా అంతే కదా, చెయ్యెత్తమంటే ఎత్తుతారు, దించమంటే దించుతారు.

సోమవారం బోర్డు మీద నీళ్ళు తయారయ్యే సమీకరణం రాశాడు. చాక్ పీసుతో ఒక్కొక్క ముక్కనీ తట్టి చూపించాడు.

"రెండు మోళ్ళ హైడ్రోజన్. ఒక మోల్ ఆక్సిజన్. రెండూ కలిస్తే రెండు మోళ్ళ నీళ్ళు. రాసుకోండి."

కిటికీ పక్క బెంచీలోంచి ఒక అమ్మాయి లేచి నిలబడింది. పొడుగ్గా ఉంటుంది. ఎంత ఎండలో ఆడి వచ్చినా ఆ పిల్ల యూనిఫాం మడత నలగదు.

"సార్, రెండూ ఒకటీ మూడు కదా?"

"మూడే. అయితే?"

"మూడు మోళ్ళు కలిపితే రెండే వచ్చాయేంటి సార్? ఒక మోల్ ఎక్కడికి పోయింది?"

మాస్టారు బోర్డు వైపు తిరిగాడు. పుస్తకంలో ఆ గీత మీదుగా ఆయన కళ్ళు ఎన్నోసార్లు నడిచి వెళ్ళాయి. ఒక్కసారి కూడా కాలికి ఏదీ తగల్లేదు. ఇప్పుడు చూస్తే నిజంగానే అక్కడ గొయ్యి ఉంది.

"పుస్తకంలో అలాగే ఉందమ్మా."

"ఉంది సార్. నేనూ చూశాను. అందుకే అడుగుతున్నాను."

వెనక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. మాస్టారికి చెవులు వేడెక్కాయి. నవ్వు తనవైపు రాకముందే దాన్ని అటు తిప్పేద్దామనుకున్నాడు.

"నీ జేబులో వెతుక్కో. అక్కడ పడిందేమో."

క్లాసంతా గొల్లుమంది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు.

"వెతికాను సార్. దొరకలేదు," అంది.

వేళాకోళానికి అన్న మాట కాదు అది. పుస్తకమంతా వెతికానని చెప్పబోయింది. కానీ క్లాసుకి అది జవాబుకి జవాబులా వినిపించింది. ఈసారి నవ్వు ముందటికన్నా పెద్దగా లేచి, నేరుగా మాస్టారి మీదే వచ్చి పడింది.

"బయటికి నడు!"

అది గ్రౌండు అవతలి గోడ దాకా వినిపించే గొంతు. నాలుగ్గోడల మధ్య అలాంటి గొంతు ఎత్తకూడదు. ముందు బెంచీ పిల్లలు భుజాలు ముడుచుకున్నారు. ఆ అమ్మాయి పెన్నుకి మూత పెట్టి, దాన్ని పుస్తకం మధ్యలో ఉంచి, బెంచీ చప్పుడు కాకుండా జరుపుకుని బయటికి వెళ్ళింది. తక్కిన పీరియడంతా వరండా గోడకి ఆనుకుని నిలబడింది. గంట కొట్టగానే మాస్టారు తల దించుకుని గబగబా వెళ్ళిపోయాడు. వెనకనుంచి "సార్" అన్న పిలుపు వినిపించినట్టే అనిపించింది. కానీ తిరిగి చూడలేదు.

స్టాఫ్ రూములో పెద్ద మేడమ్ టీ తాగుతూ ఒక చిక్కు విప్పుకుంటోంది. ల్యాబులో పిల్లల బల్లల మీద ఉన్నవి పదిహేను బర్నర్లు. బర్నరుకి ఇద్దరు. సైన్సు సెక్షన్లో పిల్లలేమో ముప్పై ఒక్కరు.

"ఒకర్ని కామర్సులోకి పంపక తప్పదు. ఎవర్ని కదిపినా ఇంట్లోవాళ్ళు నా మీదికి వస్తారు. మీ క్లాసే కదా మాస్టారూ, ఎవర్ని పంపమంటారు?"

మాస్టారి చెవులింకా చల్లారలేదు. "ఆ కిటికీ పక్క అమ్మాయికి కాస్త పొగరు మేడమ్," అన్నాడు.

"ఎవరూ, ఇస్త్రీ ఆవిడ కూతురా?"

"ఏమో తెలీదు. పొడుగ్గా ఉంటుంది."

"ఆ, అదే. నయం, వాళ్ళమ్మ అడగడానికి కూడా రాదు," అని మేడమ్ టీ కప్పు కింద పెట్టి, చక్కెర సరిపోలేదని ఆయాని పిలిచింది.

మర్నాడు కిటికీ పక్కన ఇంకో పిల్ల కూర్చుని ఉంది. మాస్టారికి మొదట గుండెల మీదనుంచి బరువు దిగినట్టయింది. గొంతు సవరించుకుని పాఠం మొదలుపెట్టాడు. బోర్డు మీద ఏం రాస్తే అది పిల్లలు రాసుకున్నారు. ఒకచోట రెండుకి బదులు పొరపాటున మూడు వేశాడు. పిల్లలు మూడే రాసుకున్నారు. తప్పు తనకే కనబడి చెరిపి దిద్దాడు. ముప్పై మందీ కిక్కురుమనకుండా చెరిపి దిద్దుకున్నారు.

"ఏమైనా అనుమానాలుంటే అడగండి," అన్నాడు.

ఎవరూ తలెత్తలేదు. ఒకడు మాత్రం తలుపు వైపు చూసి మళ్ళీ పుస్తకంలోకి వంగాడు.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తియ్యకుండానే మాస్టారు లెక్కల మాస్టారి పక్కన చేరాడు. ఆయన అరటిపండు ఒలుచుకుంటున్నాడు.

"అటు మూడు, ఇటు రెండు. సమం ఎలా అవుతుందండీ?"

"బరువు చూడవోయ్. అటు నాలుగు గ్రాములు, ముప్పై రెండు గ్రాములు. మొత్తం ముప్పై ఆరు. ఇటూ ముప్పై ఆరే. తూకం సరిపోయిందా లేదా?"

"తూకం సరే. లెక్క సంగతేంటి? మోలంటే లెక్కే కదా?"

లెక్కల మాస్టారు పండు నోట్లో పెట్టుకుని కాసేపు నమిలాడు. "మార్కులు తూకానికే ఇస్తారు. అయినా కందకి లేని దురద కత్తిపీటకెందుకోయ్? కొత్త టీచరొచ్చి గోక్కుంటుందిలే."

మాస్టారు నవ్వలేకపోయాడు. దురద కందకే పుట్టింది, ఆ కందని తనే ఎత్తి అవతల పారేశాడు. డబ్బా అలాగే సంచిలో పెట్టేసుకున్నాడు.

సాయంత్రం చిన్న క్లాసుల పిల్లలతో గ్రౌండులో ఉన్నాడు. అక్కడైతే ఆయన కాళ్ళకి నేల తెలుసు. రిలే పందేనికి జట్లు కడుతున్నాడు. "ఇద్దరేసి!" అని ఈల వేశాడు. చివరి వరసలో ఆరుగురు మిగిలారు. పొట్టి పిల్లలు నలుగురు రెండు జతలయ్యారు. పొడుగు వాళ్ళిద్దరూ ఒక జతయ్యారు. మూడు జట్లు. జట్లు మరీ ఎక్కువైపోయాయని మళ్ళీ ఈల వేసి, "ముగ్గురేసి!" అని అరిచాడు. పొట్టి వాళ్ళు చేతులు వదిలేసి పరుగెత్తారు. పొడుగు వాళ్ళిద్దరూ విడిపోయి, చెరొకరూ ఇద్దరు పొట్టి వాళ్ళని అటొకణ్ణి ఇటొకణ్ణి పట్టుకున్నారు. రెండు జట్లు.

మాస్టారి నోట్లో ఈల అలాగే ఉండిపోయింది.

పిల్లల్ని లెక్కపెట్టాడు. ఆరుగురే. ఎవరూ గ్రౌండు దాటి పోలేదు. ఎవరూ ఎవరి జేబులోనూ దూరలేదు. మూడు జట్లు రెండు జట్లయ్యాయి, అంతే. అణువంటే జట్టు. మోళ్ళలో లెక్కపెట్టింది జట్లని. జట్టులో మనుషులు, అంటే పరమాణువులు, ఎంతమంది ఉన్నారో అంతమందే ఉన్నారు. ఇద్దరేసి ఉన్నవాళ్ళు ముగ్గురేసి అయితే జట్లు తగ్గక ఏం చేస్తాయి?

"సార్, పరిగెత్తమంటారా?" అని ఒక పొట్టివాడు అరిచాడు.

"ఉండరా," అన్నాడు మాస్టారు. "మళ్ళీ ఇద్దరేసి అవ్వండి. ఇంకోసారి చూస్తాను."

ఇంటికి వెళ్ళాక భార్యకి స్పూన్లు, గ్లాసులు పేర్చి మరీ చూపించాడు. ఆవిడ బస్సు డిపోలో టికెట్ల కౌంటరు దగ్గర కూర్చుని, పొద్దుటినుంచీ అద్దం అవతలి జనంతో అరిచి వచ్చింది. అయినా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చివరిదాకా వింది.

"బాగుంది. ఆ పిల్లకి చెప్పారా?"

"ఆ అమ్మాయి ఇప్పుడు నా క్లాసులో లేదు."

"ఎందుకు లేదు?"

మాస్టారు గ్లాసులు ఒకదాంట్లో ఒకటి పెట్టాడు. ఏం జరిగిందో చెప్పాడు. పొగరు అన్న మాట దగ్గరికి వచ్చేసరికి గొంతు తగ్గింది.

"నాకు తెలీదమ్మా అంటే మీ నోరు పడిపోయేదా?" అంది ఆవిడ. తర్వాత లేచి వెళ్ళి పొయ్యి వెలిగించింది.

మర్నాడు కామర్సు సెక్షన్ గుమ్మంలో నిలబడి ఆ అమ్మాయిని బయటికి పిలిపించాడు. వచ్చింది. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది. మాస్టారు దారంతా మాటలు కూర్చుకుంటూ వచ్చాడు. మొదటి మాటేమిటో మరిచిపోయి నేరుగా జట్ల దగ్గర మొదలుపెట్టాడు. పొట్టివాళ్ళు, పొడుగువాళ్ళు, ఇద్దరేసి, ముగ్గురేసి. చెబుతుంటే ఆయనకే మళ్ళీ సంబరంగా ఉంది.

"అర్థమైందా? ఎక్కడికీ పోలేదు. జట్టు మారింది, అంతే!"

"తెలుసు సార్."

"తెలుసా? ఎవరు చెప్పారు?"

"ఎవరూ చెప్పలేదు సార్. ఆ రోజే తెలిసింది, వరండాలో నిలబడినప్పుడు." చేతులు ముందుకి తెచ్చి ఆరు వేళ్ళు తెరిచింది. రెండేసి చొప్పున ఆనించింది, విడదీసి మూడేసి చేసింది. "గంట కొట్టాక మీకు చెబుదామని పిలిచాను. మీరు వెళ్ళిపోయారు."

"మరి అప్పుడే పెద్ద మేడమ్‌కి చెప్పాల్సింది కదమ్మా, కామర్సు వద్దని?"

"నాకు పొగరని మీరే చెప్పారంట కదా సార్," అంది. గొంతులో కోపం లేదు. అడిగినదానికి జవాబు చెప్పినట్టు చెప్పింది. "ఇంక నేనేం చెప్తే ఏముంది? లోపలికి వెళ్ళనా సార్? డెబిట్లు చెబుతున్నారు."

ఆ పిల్లని మళ్ళీ సైన్సులోకి పంపమని అడగబోతే పెద్ద మేడమ్ సగం మాట కూడా చెప్పనివ్వలేదు. "పొగరన్నదీ మీరే, ఇప్పుడు బంగారమంటున్నదీ మీరే. స్కూలేమైనా కోకో ఆటా మాస్టారూ, ఒకర్ని లేపి ఒకర్ని కూర్చోబెట్టడానికి? ఇంటికి కబురు పంపాం, వాళ్ళమ్మ సరేనంది. ఆవిడే వచ్చి అడిగితే అప్పుడు చూద్దాం." ఆవిడ రాదన్న ధీమా ఆ గొంతులోనే ఉంది.

ఇస్త్రీ కొట్టు మందుల షాపు పక్క సందులో ఉంది. ఒక బల్ల, దాని మీద నాలుగు మడతల దుప్పటి, పైన వేలాడే బల్బు. ఆ అమ్మాయి తల్లి తెల్లచొక్కా పరిచి నీళ్ళు చిలకరిస్తోంది. ముందు కాలరు, తర్వాత భుజాలు, తర్వాత చేతులు. పెట్టె ఆనినచోటల్లా ఆవిరి బుస్సుమంటోంది. వెనకాల కూతురు మడతపెట్టిన బట్టల్ని ఇళ్ళవారీగా మూటలు కడుతోంది. మాస్టారిని చూసి తల్లి పెట్టె నిలబెట్టి, స్టూలు కొంగుతో తుడిచింది.

"కూర్చోండి సార్. దీని సంగతేనా? మీ ముందు నోరు జారిందని స్కూలునుంచి చెప్పారు. నేనేం వెనకేసుకు రాలేదు సార్. రెండు గట్టిగా తగిలించాను. సారుకే ఎదురు చెప్తావా అని."

వెనకాల కూతురు చొక్కా చెయ్యి మోచేతి కిందికి లాక్కుంది. తల్లి అటు చూడలేదు. మాస్టారు చూశాడు. స్టూలు మీద కూర్చోలేకపోయాడు.

"ఎదురు చెప్పలేదమ్మా. పాఠంలో ఒకటి అడిగింది. నాకు తెలియలేదు. తెలియదని చెప్పలేక బయటికి పంపాను. తప్పు నాది."

ఆవిడ ఆయన మొహంలోకి అనుమానంగా చూసింది. "ఇప్పుడెందుకు సార్ ఇలా అంటున్నారు? దీని మీద ఇంకేమైనా వచ్చిందా?"

"లేదు, లేదు. మీరొకసారి వచ్చి అడిగితే పాత క్లాసులోకి పంపుతారు."

ఆవిడ మళ్ళీ పెట్టె అందుకుంది. చొక్కా వీపు మీద అటూ ఇటూ రెండుసార్లు నడిపింది. "వద్దులెండి సార్. అక్కడికెళ్తే మళ్ళీ అడుగుతుంది. దీని నోరు ఊరుకోదు. మీరు కాకపోతే ఇంకో సారు నిలబెడతారు. బయట నిలబడే చదువుకంటే లోపల కూర్చునే చదువే నయం కదా."

మాస్టారు స్టూలు తీసి గోడవారకి పెట్టాడు. కూతురు మూట ముడి బిగించి, తలెత్తకుండా ఇంకో మూట దగ్గరికి లాక్కుంది.

మర్నాడు పొద్దున పెద్ద మేడమ్ గది బయట ఇస్త్రీ ఆవిడ నిలబడి ఉంది. కొట్టు మూసి వచ్చినట్టుంది. చేతిలో తాళంచెవి ఉంది. మాస్టారు ఆశ్చర్యపోయాడు.

"నిన్న వద్దన్నారు కదమ్మా?"

"మీరు వెళ్ళాక దాన్ని అడిగాను సార్, అసలేం అడిగావే అని. సోమవారంనుంచీ నాతో మాటల్లేవు. మొదట చెప్పలేదు. తర్వాత నా చేతులు పట్టుకుని ఇలా చూపించింది." ఆవిడ తాళంచెవి నడుములో దోపుకుని ఆరు వేళ్ళు తెరిచింది. వేళ్ళ మీద పాత కాలిన మచ్చలున్నాయి. రెండేసి ఆనించి, విడదీసి, మూడేసి చేసింది. మధ్యలో ఒకసారి తడబడి మళ్ళీ సరిచేసుకుంది. "నాకే అర్థమైంది సార్. నాకు అర్థమయ్యేదానికి నేను దాన్ని కొట్టాను."

ఆ మాటతో చేతులు కిందికి దించేసుకుంది.

గదిలోకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఆవిడ కూర్చోలేదు. "మా అమ్మాయిని ఆ క్లాసులోకే పంపండి మేడమ్," అంది. అంతకంటే ఒక్క మాట ఎక్కువ చెప్పలేదు. కానీ కదల్లేదు.

పెద్ద మేడమ్ మాస్టారి వైపు చూసింది. "బర్నర్లు పదిహేనే. ముప్పై ఒకటో పిల్లని ఎక్కడ నిలబెడతారు?"

"మాస్టారి బల్ల మీద ఒకటి ఉంది మేడమ్. దాంతో నాకేం పని? వెలిగించడం కూడా సరిగ్గా రాదు. ఆ అమ్మాయి అక్కడ చేసుకుంటుంది."

"క్లాసులో ఏమని చెబుతారు?"

"జరిగిందే చెబుతాను."

"చెప్పండి, చెప్పండి. రేపు వాళ్ళు మీ నెత్తికెక్కి తొక్కితే మాత్రం నా దగ్గరికి రావద్దు," అంది మేడమ్. ఆయాని పిలిచి ఆ అమ్మాయికి కబురు పంపింది.

అమ్మాయి క్లాసుకి వచ్చేసరికి కిటికీ పక్కన చోటు లేదు. వెనక బెంచీ చివర సర్దుకుని కూర్చుంది. మాస్టారు బోర్డు ముందు నిలబడ్డాడు. దారిలో కూర్చుకున్న మాటలన్నీ ఈసారి కూడా ఎగిరిపోయాయి.

"సోమవారం నన్నొకటి అడిగారు. నాకు తెలియలేదు. తెలియదని చెప్పలేక ఒకరిని బయట నిలబెట్టాను. అది తప్పు," అన్నాడు. గొంతు గ్రౌండులో ఉండేటంత పెద్దగా లేదు. చివరి బెంచీల పిల్లలు ముందుకి వంగి విన్నారు. ఎవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది ఆయనకి. తర్వాత ఆరుగుర్ని ముందుకి పిలిచి, జట్లు కట్టించి, మార్చి చూపించాడు. చాలామంది మొహాల్లో ఏదో వదులైంది. ఒకడైతే "ఓస్, ఇంతేనా!" అని పైకే అనేశాడు.

"ఏమైనా అనుమానాలుంటే అడగండి."

బయట వరండాలో ఆయా చీపురు చప్పుడు వినిపిస్తోంది. చివరికి వెనక బెంచీలో ఆ అమ్మాయి లేచింది. ఇదివరకటిలా గబుక్కున కాదు, బెంచీ అంచు పట్టుకుని మెల్లగా లేచింది.

"సార్, ఇద్దరేసి ఉన్నవాళ్ళు బాగానే ఉన్నారు కదా. అసలు విడిపోవడం ఎందుకు సార్? వాళ్ళకి ఈల ఎవరు వేస్తారు?"

మాస్టారు బోర్డు వైపు చూడలేదు. చూసినా అక్కడ లేదని తెలుసు. చెవులు మళ్ళీ వేడెక్కుతున్నాయి. క్లాసంతా ఆయన నోటివైపే చూస్తోంది.

"తెలియదమ్మా," అన్నాడు.

ఆ అమ్మాయి వెంటనే కూర్చోలేదు. ఆయన మొహం మీదున్న ఆ చూపు ఒక్క క్షణం జారి, తెరిచి ఉన్న తలుపు దాకా వెళ్ళి, మళ్ళీ వచ్చింది. ఆ తర్వాతే కూర్చుంది.

ఆ చూపు ఎక్కడిదాకా వెళ్ళిందో మాస్టారు చూశాడు.